అనంతపురం మెట్టసీమ గాలి: ఉపగ్రహం కొలత, నేలమీది కొలత

అనంతపురం పేరు చెప్పగానే లెక్కల్లో మొదట గుర్తుకొచ్చేది వర్షపాతం. నైరుతి రుతుపవనాలు తమ నీటిలో అధికభాగాన్ని పడమటి కనుమల మీదే కురిపించి రావడం వల్లనూ, ఈశాన్య రుతుపవన కాలంలో బంగాళాఖాతంలో పుట్టే వాయుగుండాలు ఇంత లోపలికి చేరేసరికి నీరసించిపోవడం వల్లనూ, ఈ మెట్టసీమకు ఏడాదికి సగటున దక్కేది సుమారు 550 మిల్లీమీటర్ల వాన మాత్రమే. వానను కొలిచే అలవాటు ఈ ప్రాంతానికి చాలా పాతది; గాలిని కొలిచే అలవాటు మాత్రం కొత్తది. పట్టణానికి కొద్ది దూరంలో, ఇటుకలపల్లి దగ్గర ఉన్న శ్రీకృష్ణదేవరాయ విశ్వవిద్యాలయపు భౌతికశాస్త్ర శాఖలో 2001 నుంచి 2003 వరకు జరిగిన కొలతలతో, నేలమట్టపు గాలిలో ఓజోన్ ఎంత ఉందో, ఆ ఓజోన్‌ను పుట్టించే వాయువులు ఎంత ఉన్నాయో చెప్పే లెక్క ఒకటి శాస్త్ర ప్రపంచానికి అందింది. అదే కాలంలో, అదే గాలిని భూమికి వందల కిలోమీటర్ల ఎత్తు నుంచి కొలిచే పరికరాలు కూడా ఒకటి తరవాత ఒకటిగా కక్ష్యలోకి చేరాయి. పైనుంచి వచ్చే అంకె, కిందనుంచి వచ్చే అంకె ఒకే గాలి గురించినవే అయినా ఒకటే ఎందుకు కావో, రెండింటిలో ఏది లేకపోయినా రెండోది ఎందుకు కుంటుపడుతుందో అన్నదే ఈ ప్రసంగంలో పరిశీలించవలసిన విషయం.

పొడి గాలిలో నూటికి 78 పాళ్లు నైట్రోజన్, 21 పాళ్లు ఆక్సిజన్, ఒక పాలుకు కాస్త తక్కువగా ఆర్గాన్ ఉంటాయి. ఇవి పోగా మిగిలే అతి కొద్ది చోటులో ఇమిడి ఉన్నవాటినే లేశ వాయువులు అంటారు. వాటిలో పెద్దదైన కార్బన్ డయాక్సైడ్ సైతం పది లక్షల అణువులకు 420 పైచిలుకు మాత్రమే. మీథేన్ పది లక్షలకు రెండు కూడా ఉండదు. ఓజోన్, నైట్రోజన్ డయాక్సైడ్ వంటివాటిని లెక్కించడానికి పది లక్షలు చాలవు, వంద కోట్లు కావాలి. 2010లో అనంతపురం నేలమట్టపు గాలిలో ఓజోన్ వార్షిక సగటు వంద కోట్ల అణువులకు సుమారు 40గా నమోదైంది. ఇంత తక్కువగా ఉన్నా, భూమి వేడి ఎంత ఉండాలో, పైరు ఆకు ఎంత పచ్చగా ఉండాలో, ఊపిరితిత్తులు ఎంత ఆరోగ్యంగా ఉండాలో నిర్ణయించడంలో వీటి పాత్ర పెద్దది. నైట్రోజన్, ఆక్సిజన్ల వలె నిలకడగా ఉండక, చోటును బట్టి, రుతువును బట్టి, గంటను బట్టి మారడం వీటి స్వభావం. కొలత అవసరమయ్యేది కూడా అందుకే.

ఇంత పలచని పదార్థాన్ని ముట్టుకోకుండా, ఆకాశం నుంచి ఎలా కొలుస్తారన్న ప్రశ్నకు జవాబు వెలుతురులో ఉంది. సూర్యకాంతి గాలి గుండా కిందికి దిగి, నేలను తాకి, మళ్లీ గాలి గుండా పైకి వెళ్లేటప్పుడు ప్రతి వాయువూ తనకు ప్రీతిపాత్రమైన రంగుల్ని కొంత మింగుతుంది. ఓజోన్ అతినీలలోహిత కాంతిని మింగుతుంది. సల్ఫర్ డయాక్సైడ్, ఫార్మాల్డిహైడ్ దాని పక్కనే ఉండే తరంగాలను తీసుకుంటాయి. నైట్రోజన్ డయాక్సైడ్ కంటికి కనిపించే నీలిరంగులో, సుమారు 405 నుంచి 465 నానోమీటర్ల మధ్య తన గుర్తు వదులుతుంది. కార్బన్ మోనాక్సైడ్, మీథేన్ కంటికి అందని పరారుణంలో 2.3 మైక్రోమీటర్ల దరిదాపుల్లో పట్టుబడతాయి. ఉపగ్రహంలోని స్పెక్ట్రోమీటర్ అనే వర్ణపటమాపకం నేలనుంచి తిరిగివచ్చిన కాంతిని వందలాది సన్నని రంగులుగా విడదీసి, నేరుగా సూర్యుణ్ణి చూసి తీసుకున్న వర్ణపటంతో పోల్చి, ఏ రంగు ఎంత తగ్గిందో లెక్కిస్తుంది.

అయితే కాంతి తగ్గడానికి వాయువులే కారణం కానక్కరలేదు. దుమ్ము తగ్గిస్తుంది, గాలి అణువులు చెదరగొట్టడం వల్ల తగ్గుతుంది, నేల నల్లగా ఉంటే తగ్గుతుంది. ఈ చిక్కును విప్పిన ఉపాయం, జర్మన్ శాస్త్రవేత్త ఉల్రిచ్ ప్లాట్, ఆయన సహచరులు 1970ల చివర్లో రూపొందించిన అవకలన శోషణ పద్ధతి. దుమ్మూ నేలా కాంతిని తగ్గించినప్పుడు ఆ తగ్గుదల ఒక రంగు నుంచి పక్క రంగుకు నెమ్మదిగా, నున్నగా మారుతుంది. వాయువు తగ్గించినప్పుడు మాత్రం దగ్గరదగ్గర రంగుల మధ్యే ఎత్తుపల్లాలతో, గరుకుగా మారుతుంది. నున్నని భాగాన్ని తీసిపక్కన పెట్టి గరుకు భాగాన్ని మాత్రమే లెక్కలోకి తీసుకుంటే వాయువు బయటపడుతుంది. ప్రయోగశాలలో ముందే కొలిచి పెట్టుకున్న శోషణ రేఖలతో ఆ ఎత్తుపల్లాలు సరిపోలితే, ఆ వాయువు అణువులు కాంతి మార్గంలో ఎన్ని ఉన్నాయో తేలుతుంది. మెట్టసీమ వంటి శుభ్రమైన గ్రామీణ ప్రాంతంలో నేలమీది చదరపు సెంటీమీటరు పైన, ఆకాశం దాకా ఉన్న గాలి స్తంభంలో, నైట్రోజన్ డయాక్సైడ్ అణువుల సంఖ్య పది కోట్ల కోట్ల స్థాయిలో ఉంటుంది. సంఖ్య పెద్దదే గానీ, అదే స్తంభంలోని మొత్తం గాలి అణువులతో పోలిస్తే రెండు వేల కోట్లకు ఒకటి మాత్రమే. అంత పలచని జాడను కాంతిలోంచి పైకి లాగగలగడం గత శతాబ్దపు కొలతల శాస్త్రం సాధించిన గొప్ప విజయాల్లో ఒకటని చెప్పడంలో అతిశయోక్తి లేదు.

ఈ పద్ధతిని నైట్రోజన్ డయాక్సైడ్‌కు అంతరిక్షం నుంచి విస్తృతంగా ప్రయోగించిన తొలి పరికరం, 1995లో యూరప్ ఉపగ్రహం ఈఆర్ఎస్-2 మీద వెళ్లిన గోమ్. దాని పిక్సెల్, అంటే పరికరం ఒక్క చూపులో కలిపి చూసే నేల ముక్క, ఉత్తర దక్షిణాలుగా 40 కిలోమీటర్లు, తూర్పు పడమరలుగా 320 కిలోమీటర్లు ఉండేది. ఆ ముక్కను అనంతపురం దగ్గర మొదలుపెట్టి తూర్పుకు పరిస్తే కడప జిల్లా మొత్తం దాటి, నెల్లూరు దాటి, సముద్రంలోకి వెళ్తుంది. అంటే వేరుశనగ చేలూ, ముద్దనూరు దగ్గరి థర్మల్ కేంద్రమూ, కోస్తా వరి పొలాలూ, బంగాళాఖాతపు అలలూ కలిసి ఒకే అంకెగా మారేవి. ఆ అంకె ఖండాల పోలికకు పనికివచ్చింది గానీ, ఒక మండలం గురించి ఏమీ చెప్పలేకపోయింది. 2002లో వెళ్లిన సియామకీ ఆ ముక్కను 60 కిలోమీటర్లకు 30 కిలోమీటర్లుగా కుదించింది. 2004 జులైలో అమెరికా ఉపగ్రహం ఆరా మీద వెళ్లిన నెదర్లాండ్స్, ఫిన్‌లాండ్ దేశాల పరికరం ఓఎంఐ నడిమధ్య చూపులో దాన్ని 13 కిలోమీటర్లకు 24 కిలోమీటర్లుగా తగ్గించింది. 2017 అక్టోబర్ 13న ప్రయోగించిన సెంటినెల్-5పి ఉపగ్రహంలోని ట్రోపోమి పరికరం, 2019 ఆగస్టు నుంచి, అయిదున్నర కిలోమీటర్లకు మూడున్నర కిలోమీటర్ల ముక్కలుగా ప్రపంచాన్ని దాదాపు రోజూ చూస్తున్నది. అనంతపురం పట్టణం ఇప్పుడు ఒకటి రెండు ముక్కల్లో విడిగా నిలబడగలదు. బళ్లారి వైపు తోరణగల్లు ఉక్కు కర్మాగారాన్ని దాని చుట్టుపక్కల పల్లెలనుంచి వేరుచేసి చూడగలుగుతున్నారు.

ఇక్కడొక తేడా గమనించాలి. నైట్రోజన్ డయాక్సైడ్ పగటి గాలిలో కొన్ని గంటలే బతుకుతుంది గనుక పుట్టినచోటికి దగ్గరలోనే కనిపిస్తుంది. థర్మల్ కేంద్రాలు, పెద్ద నగరాలు పటం మీద మచ్చలుగా నిలిచేది అందువల్లే. 2020 మార్చి చివర దేశమంతా లాక్‌డౌన్‌లోకి వెళ్లినప్పుడు పెద్ద నగరాలమీది మచ్చలు రోజుల్లోనే పలచబడటాన్ని ఉపగ్రహాలు పట్టుకోగలిగాయి. కార్బన్ మోనాక్సైడ్ సంగతి వేరు. దాని ఆయువు నెలల్లో ఉంటుంది కాబట్టి మెట్టసీమ మీద అది పెరిగినట్టు కనబడితే, కారణం ఇక్కడి పొయ్యి కావచ్చు, వేసవిలో నల్లమలలోనో తూర్పు కనుమలలోనో అంటుకున్న అడవి కావచ్చు, అంతకన్నా దూరపుదైనా కావచ్చు. మీథేన్ దాదాపు దశాబ్దం పాటు గాలిలో ఉంటుంది. అది ఎవరి గాలో చెప్పడం మరీ కష్టం.

కాంతి మార్గంలోని అణువుల సంఖ్య తేలినంత మాత్రాన పని పూర్తికాదు. అసలు చిక్కు అక్కడినుంచే మొదలవుతుంది. సూర్యుడు ఏటవాలుగా ఉంటాడు, ఉపగ్రహమూ చాలాసార్లు ఏటవాలుగానే చూస్తుంది. ఆ వాలు మార్గంలోని లెక్కను నేలనుంచి నిట్టనిలువుగా లేచే స్తంభంలోని లెక్కగా మార్చాలి. ఇందుకు వాడే గుణకాన్ని వాయురాశి గుణకం అంటారు. ఆ గుణకాన్ని లెక్కగట్టడానికి నేల ఎంత వెలుతురును తిప్పికొడుతుందో, గాలిలో దుమ్ము ఏ ఎత్తున ఉందో, అన్నిటికన్నా ముఖ్యంగా ఆ వాయువు నేలకు దగ్గరగా పేరుకుని ఉందో, పైకి పరుచుకుని ఉందో ముందే తెలియాలి. తెలియదు కనుక కంప్యూటర్ నమూనాను అడుగుతారు. ట్రోపోమి నైట్రోజన్ డయాక్సైడ్ లెక్కకు ఆధారమైన నమూనా ప్రపంచాన్ని అక్షాంశ రేఖాంశాలలో ఒక్కొక్క డిగ్రీ గడులుగా విభజించింది. ఒక డిగ్రీ అంటే సుమారు 110 కిలోమీటర్లు. అనంతపురానికీ బళ్లారికీ మధ్య గగనమార్గాన దూరం అంతకంటే తక్కువ. కంటిచూపు అయిదారు కిలోమీటర్లకు పదును తేలింది గానీ, ఆ చూపుకు అర్థం చెప్పే ఊహ మాత్రం ఉక్కు కర్మాగారాన్నీ శనక్కాయ చేలనూ ఒకే గడిలో కలిపేయగల స్థాయిలోనే ఉంది. కర్మాగారం ఉన్నచోట వాయువు నేలకు అంటిపెట్టుకుని ఉంటుంది; అలాంటి చోట గడి సగటును వాడితే లెక్క తక్కువకు తూగుతుంది; శుభ్రమైన చోట ఎక్కువకు తూగవచ్చు. ఉపగ్రహ పటాల రంగుల అందం ఈ సంగతిని మరుగుపరుస్తుంది.

మెట్టసీమకు దీనిలో సొంత చిక్కులూ ఉన్నాయి. ఎర్రనేల, రాతిగుట్టలు, వేసవిలో గడ్డి సైతం లేని బీళ్లు ఒక రకంగా కాంతిని తిప్పికొడితే, సకాలంలో వాన పడిన ఏడాది పచ్చబడిన అదే నేల మరో రకంగా తిప్పికొడుతుంది. వేసవి గాలులకు లేచే దుమ్ము కొన్ని వేళల వాయువును కప్పేస్తుంది, కొన్ని వేళల కాంతిని మరింత తిప్పి వాయువును ఎక్కువ చేసి చూపిస్తుంది. ఏ వేళ ఏది జరుగుతుందో దుమ్ము ఏ ఎత్తున ఉందన్నదాన్ని బట్టి ఉంటుంది. ఈ కారణం చేతనే ఇస్రో భూగోళ-జీవగోళ కార్యక్రమం కింద గాలిలోని ధూళికణాలను దేశమంతటా కొలవడానికి ఏర్పడిన పరిశీలన కేంద్రాల వరుసలో అనంతపురం కూడా చేరడం, లేశ వాయువులను అధ్యయనం చేసేవారికి కలిసివచ్చింది.

అన్ని సవరణలూ సరిగ్గా జరిగాయనే అనుకున్నా, ఉపగ్రహం ఇచ్చేది స్తంభం మొత్తపు లెక్క. చెరువులో మొత్తం నీరెంతో చెప్పే లెక్క తూము దగ్గర లోతెంతో చెప్పనట్టే, ఈ లెక్క మనుషులు పీల్చే గాలిలో వాయువు ఎంత ఉందో చెప్పదు. ఓజోన్ విషయంలో ఈ దూరం మరీ ఎక్కువ. ఓజోన్‌ను డాబ్సన్ యూనిట్లలో కొలుస్తారు. స్తంభంలోని ఓజోన్ నంతటినీ నేలమట్టపు పీడనంలో, సున్నా డిగ్రీల చలిలో పరిచితే వచ్చే పొర మందం మిల్లీమీటరులో నూరోవంతు అయితే అది ఒక యూనిట్. దక్షిణ భారతం మీద ఆ పొర మందం రెండున్నర మిల్లీమీటర్లకు కాస్త పైన మాత్రమే. అందులోనూ దాదాపు పదింట తొమ్మిది వంతులు ఎక్కడో పైనున్న స్ట్రాటోస్ఫియర్ పొరలో, అతినీలలోహిత కిరణాలను అడ్డుకుంటూ ఉంటుంది. శనక్కాయ ఆకును, మనిషి ఊపిరితిత్తిని తాకే ఓజోన్ మిగిలిన ఆ పదోవంతులోని అడుగుపొర మాత్రమే. పైనుంచి చూసేవాడికి మేలుచేసే ఓజోన్ అడ్డుగా నిలబడి, కీడుచేసే ఓజోన్‌ను దాచిపెడుతుందన్నమాట.

అడుగుపొరను కొలిచే పని ఇటుకలపల్లి దగ్గరి పరికరాల వంటివాటిది. ఓజోన్ విశ్లేషక పరికరం లోపల ఉండేది నిజానికి ఉపగ్రహం వాడే సూత్రమే. బయటి గాలిని సన్నని టెఫ్లాన్ గొట్టం ద్వారా పీల్చి, మూరెడు పొడవున్న గాజు అర గుండా పంపిస్తూ, ఒక కొస నుంచి పాదరస దీపపు 254 నానోమీటర్ల అతినీలలోహిత కాంతిని ప్రసరింపజేసి, రెండో కొసన ఎంత కాంతి చేరిందో చూస్తారు. ఆ వెంటనే అదే గాలిని ఓజోన్‌ను తొలగించే వడపోత గుండా పంపి మళ్లీ చూస్తారు. కొన్ని సెకన్లకొకసారి మారిమారి జరిగే ఈ రెండు చూపుల మధ్య తేడాయే ఓజోన్. కాంతి నడిచే దారి పొడవు ఖచ్చితంగా తెలుసు, నేల రంగుతో పనిలేదు, మబ్బుతో పనిలేదు, నమూనాను అడగనక్కరలేదు. నైట్రోజన్ ఆక్సైడ్లను కొలిచే పరికరం మరో దారి పడుతుంది: నైట్రిక్ ఆక్సైడ్ ఓజోన్‌తో కలిసినప్పుడు పుట్టే మసక వెలుగును లెక్కిస్తుంది, నైట్రోజన్ డయాక్సైడ్‌ను కొలవాలంటే ముందు దాన్ని వేడి మాలిబ్డినం మీదుగా పంపి నైట్రిక్ ఆక్సైడ్‌గా మారుస్తుంది. ఆ వేడి లోహం నైట్రోజన్ డయాక్సైడ్‌తో పాటు నైట్రిక్ ఆమ్లం వంటి మరికొన్ని సమ్మేళనాలను కూడా మార్చివేస్తుంది కనుక, ఈ రకం పరికరం కొంత ఎక్కువ చూపుతుందన్నది ఈ రంగంలోని వారందరికీ తెలిసిన సంగతి. నేలమీద ఉన్నంత మాత్రాన కొలత సత్యప్రమాణం కాదు. దాని తప్పు ఏ వైపు ఉంటుందో తెలిసి ఉండటం దాని బలం.

ఈ కొలతలు చెప్పిన కథ మెట్టసీమ వాతావరణానికి అద్దం పడుతుంది. ఓజోన్ ఎండవేళ పెరుగుతుంది. నైట్రోజన్ డయాక్సైడ్‌ను సూర్యకాంతి విడగొట్టినప్పుడు వెలువడే ఆక్సిజన్ పరమాణువు, ఆక్సిజన్ అణువుతో కలిసి ఓజోన్‌గా మారడం దీనికి మూలం. అందువల్ల రోజులో సూర్యోదయ వేళకు కనిష్ఠానికి దిగి, మధ్యాహ్నం గరిష్ఠానికి చేరుతుంది. ఏడాదిలో వేసవి నెలల్లో అత్యధికం, అరేబియా సముద్రం మీదుగా శుభ్రమైన గాలి వీచే వానాకాలంలో అత్యల్పం. పరిశ్రమల పొగ పెద్దగా లేని చోట కూడా ఎండా, దూరపు గాలీ కలిస్తే చాలు, ఓజోన్ తయారవుతుందనడానికి ఇంతకంటే స్పష్టమైన ఉదాహరణ అక్కరలేదు. పల్లెగాలి అంటే స్వచ్ఛమైనదే అన్న నమ్మకానికి ఓజోన్ ఒప్పుకోదు.

ఇప్పుడు ఉపగ్రహం ఎప్పుడు వస్తుందో చూడాలి. ఆరా, సెంటినెల్-5పి రెండూ స్థానిక కాలమానం ప్రకారం మధ్యాహ్నం ఒంటిగంటన్నర ప్రాంతంలో ఈ సీమ మీదుగా పోతాయి. ఆ వేళకు ఓజోన్ శిఖరానికి చేరువలో ఉంటుంది, నైట్రోజన్ డయాక్సైడ్ మాత్రం ఎండకు విడిపోయి, ఇతర రసాయన చర్యలకు ఖర్చయి, రోజులో అడుగంటిన స్థితిలో ఉంటుంది. తెల్లవారుజామున, సాయంత్రం పొద్దుగుంకాక చల్లబడిన గాలి నేలకు దగ్గరగా పలచని పొరగా ముడుచుకున్నప్పుడు, బస్సుల పొగ, లారీల పొగ, కట్టెల పొయ్యిల పొగ ఆ పొరలోనే చిక్కుకుని నైట్రోజన్ డయాక్సైడ్ నేలమట్టాన పెరుగుతుంది. ఆ రెండు వేళలూ ఈ ఉపగ్రహాల కంటపడవు. ఉదయం తొమ్మిదిన్నరకు వచ్చే యూరప్ మెటాప్ ఉపగ్రహాల లెక్కను మధ్యాహ్నపు లెక్క పక్కన పెట్టి కొంత లోటు పూడ్చుకోవచ్చు గానీ, రెండు బిందువులతో రోజంతటి గీత గీయలేరు.

వానాకాలం మరో లోటు. అనంతపురం ఆకాశంలో జూన్ నుంచి సెప్టెంబర్ దాకా మబ్బులకు కొదవ ఉండదు, కొదవంతా వానకే. రైతుకు ఆశచూపి కురవకుండా తూర్పుకు సాగిపోయే ఆ మబ్బులే ఉపగ్రహానికి తెరలవుతాయి. మబ్బు కింది వాయువు కనబడదు, కనబడని భాగాన్ని మళ్లీ నమూనాతోనే పూరించాలి. అందుకే మబ్బు ఎక్కువున్న పిక్సెళ్లను పరిశోధకులు పక్కన పెడతారు. దానివల్ల తీరని నష్టం ఒకటుంది. నెలల తరబడి ఎండిన నేల మీద తొలకరి పడగానే, మట్టిలో నిద్రాణంగా ఉన్న సూక్ష్మజీవులు మేలుకొని, పేరుకున్న నైట్రోజన్ లవణాలను ఒక్కసారిగా వాడుకోవడం మొదలుపెడతాయి. ఆ సందడిలో నైట్రిక్ ఆక్సైడ్ గంటల నుంచి రోజుల వ్యవధిలో నేలనుంచి ఉప్పెనలా వెలువడి, గాలిలోని ఓజోన్‌తో కలిసి నైట్రోజన్ డయాక్సైడ్‌గా మారుతుంది. ఆఫ్రికాలోని సాహెల్ మెట్టప్రాంతం మీద ఇది జరగడాన్ని గోమ్ పరికరం కొలతల్లో గుర్తించి 2004లో ప్రకటించారు. పొడినేల, ఎర్రని ఇసుకపాలు మట్టి, పొడవైన ఎండాకాలం, తొలకరికి లక్షల హెక్టార్లలో ఒకేసారి మొదలయ్యే శనక్కాయ విత్తు: ఈ లక్షణాలన్నీ ఉన్న అనంతపురం ఈ ప్రక్రియను పరిశీలించడానికి దేశంలో అన్నివిధాలా తగిన చోటు. తొలకరి మబ్బు విడిచిన మరునాడు ఉపగ్రహం ఏం చూసిందో, ఆ మబ్బు కిందే నేలమీది పరికరం ఏం చూసిందో పక్కపక్కన పెట్టినప్పుడే ఆ ఉప్పెన పరిమాణం తెలుస్తుంది.

నేలకూ ఉపగ్రహానికీ నడుమ ఉన్న ఎత్తులను కొలిచే పని తెలుగునాట మొదలై చాలాకాలమైంది. హైదరాబాదులోని టాటా ప్రాథమిక పరిశోధన సంస్థ బెలూన్ కేంద్రం నుంచి 1987లోనూ, మళ్లీ 1990లోనూ, అహ్మదాబాదు భౌతిక పరిశోధన ప్రయోగశాల వారు జర్మనీ శాస్త్రవేత్తలతో కలిసి, అతిశీతల ద్రవంతో చల్లబరచిన సీసాలను బెలూన్లకు కట్టి స్ట్రాటోస్ఫియర్ దాకా పంపి, వేర్వేరు ఎత్తుల గాలిని గడ్డకట్టించి కిందికి తెచ్చి, అందులోని మీథేన్, క్లోరోఫ్లోరోకార్బన్ల వంటి వాయువులను ప్రయోగశాలలో కొలిచారు. తిరుపతి దగ్గర గాదంకిలోని జాతీయ వాతావరణ పరిశోధన ప్రయోగశాల నుంచి ఎగిరిన ఓజోన్ సోండ్లు, అంటే బెలూను కింద వేలాడుతూ ఎత్తు ఎత్తునా ఓజోన్‌ను కొలిచే చిన్న రసాయన ఘటాలు, ఇదే పనిని ఓజోన్‌కు చేశాయి. ఉపగ్రహ లెక్కకు నమూనాను అడగవలసిన ప్రశ్న, అంటే వాయువు ఏ ఎత్తున ఎంత ఉందన్న ప్రశ్న, ఇలాంటి ప్రయోగాల వల్లే ఊహ స్థాయి నుంచి కొలత స్థాయికి వస్తుంది.

నేలమీది కొలతను చిన్నచూపు చూస్తే ఏమవుతుందో చెప్పే ఉదాహరణ ప్రపంచ చరిత్రలో ఉంది. అంటార్కిటికా మీద ఓజోన్ వసంతంలో విపరీతంగా క్షీణిస్తోందని 1985 మే నెలలో ప్రకటించింది ఉపగ్రహం కాదు, హాలీ బే స్థావరంలో 1957 నుంచీ అదే రకం పరికరంతో అదే పని చేస్తూ వచ్చిన బ్రిటిష్ శాస్త్రవేత్తలు. నింబస్-7 ఉపగ్రహం 1978 చివరి నుంచే ఆకాశంలో ఉంది. ఆ తక్కువ విలువలను అదీ చూసింది. కానీ అంత తక్కువగా ఉండటం సాధ్యం కాదన్న ముందస్తు అంచనాతో, లెక్కలు చేసే ప్రోగ్రాం వాటిని అనుమానాస్పదమని గుర్తువేసి పక్కకు నెట్టింది. తరవాత అదే ఉపగ్రహ సమాచారాన్ని తిరగేసి చూసినప్పుడు ఆ రంధ్రం ఎంత విశాలమైనదో పటం గీసి చూపింది కూడా అదే. కనుగొన్నది నేలమీది పరికరం, విస్తీర్ణం చెప్పింది ఉపగ్రహం.

మన దేశపు అనుభవంలోనూ పాఠం లేకపోలేదు. శ్రీహరికోట నుంచి 2013 నవంబర్ 5న బయలుదేరిన మంగళయాన్‌లో మీథేన్‌ను వెదికే పరికరం ఒకటి వెళ్లింది. ప్రయాణం, కక్ష్యాప్రవేశం అద్భుతంగా జరిగినా, మీథేన్ రేఖలను కార్బన్ డయాక్సైడ్ రేఖల నుంచి విడదీసే శక్తి ఆ పరికరానికి చాలలేదని తరవాత తేలింది. దాని సమాచారం అంగారక నేల కాంతిని ఎంత తిప్పికొడుతుందో చూపే పటానికి ఉపయోగపడింది. గ్రహాంతర ప్రయాణం కన్నా ఒక వాయువు రేఖను పక్కదాని నుంచి వేరుచేయడం కొన్నిసార్లు కష్టమైన పని. భూమి మీదైనా అంతే: గాలిలో మీథేన్ పది లక్షలకు 1.9 ఉన్నచోట, గొర్రెల మందల వల్లనో చెరువు అడుగు బురద వల్లనో కలిగే తేడా అందులో నూటికి ఒకటి కూడా ఉండదు. ఆ ఒక్క శాతంలో పొరపాటు దొర్లితే మొత్తం అర్థమే మారిపోతుంది.

ఇకపై రాబోయే మార్పు భూస్థిర కక్ష్య నుంచి వచ్చే కొలత. భూమితో సమానంగా తిరుగుతూ ఒకే ప్రాంతాన్ని గంటగంటకూ చూడగల ఇలాంటి స్పెక్ట్రోమీటర్లలో మొదటిది, దక్షిణ కొరియా 2020 ఫిబ్రవరిలో పంపిన జెమ్స్. దాని చూపు పడమట దాదాపు 75 డిగ్రీల తూర్పు రేఖాంశం దగ్గర ఆగుతుంది. అనంతపురం 77.6 డిగ్రీల దగ్గర ఉంది. అంటే పరిధి లోపలే, కానీ అంచున, బాగా ఏటవాలుగా. భారత వాతావరణ ఉపగ్రహాల్లో ఇన్‌శాట్-3డిఆర్, 3డిఎస్‌ల సౌండర్లు, అంటే ఎత్తును బట్టి మారే వాతావరణ లక్షణాలను పసిగట్టే పరికరాలు, పరారుణ కాంతిలోని ఒక పట్టీ ద్వారా మొత్తం ఓజోన్‌ను అంచనా వేస్తాయి గానీ, నైట్రోజన్ డయాక్సైడ్‌ను చూడటానికి అవి తయారైనవి కావు. ఉదయపు పొగనూ, సాయంత్రపు పొగనూ, తొలకరి తరవాతి ఉప్పెననూ మెట్టసీమ మీద నిట్టనిలువుగా చూసే భూస్థిర పరికరం అవసరం ఉందన్నది ఈ పరిస్థితిలో కాదనలేని మాట.

అంతవరకు చేతిలో ఉన్నది తక్కువేమీ కాదు. సెంటినెల్-5పి సమాచారాన్ని యూరప్ కోపర్నికస్ కార్యక్రమం ఎవరికైనా ఉచితంగా ఇస్తున్నది; దాన్ని తెరిచి చూడటానికి ఒక మామూలు కంప్యూటర్, కొంత ఓపిక చాలు. అనంతపురం, హిందూపురం, తాడిపత్రి, గుంతకల్లు కళాశాలల్లో భౌతిక, రసాయన శాస్త్రాలు చదివే విద్యార్థులు తమ ఊరి మీది పిక్సెల్‌ను ఏడాది పొడవునా అనుసరించి, మబ్బు ఎంతశాతం ఉన్న రోజులను తీసివేశారో రాసిపెట్టుకుని, ఆ అంకెలను విశ్వవిద్యాలయం ప్రచురించిన నేలమీది అంకెల పక్కన ఉంచి చూడాలి. అధ్యాపకులు దీన్ని ప్రాజెక్టు పనిగా ఇవ్వాలి. ఇటుకలపల్లి వంటి కేంద్రాలకు నిధులు ఇచ్చే సంస్థలు, కొత్త ఉపగ్రహం వచ్చిందన్న కారణంతో పాత పరికరాన్ని ఆపివేయకుండా, దాని దీపం మార్చడానికీ, తరచూ సరిచూసుకోవడానికీ అయ్యే కొద్దిపాటి ఖర్చును ఏటా తప్పకుండా కేటాయించాలి.